లైనక్స్ డేటాబేస్ సర్వర్: అప్‌గ్రేడ్ వైఫల్యం, మరమ్మతు

లైనక్స్ యంత్రం మీద నడిచే డేటాబేస్ సర్వర్‌ను పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మారుస్తున్నప్పుడు పని మధ్యలో ఆగిపోవచ్చు. పని పూర్తయినా సర్వర్ లేవకపోవచ్చు. లేచినా లోపలి రికార్డులు సరిగా బయటికి రాకపోవచ్చు. ఈ మూడింటినీ కలిపి అప్‌గ్రేడ్ వైఫల్యం అంటారు. మొదటి రెండూ వెంటనే తెలిసిపోతాయి. మూడోది నెలల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండగలదు కాబట్టి ఎక్కువ నష్టం దానివల్లే. ఈ వ్యాసం మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే మూడు ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లకు పరిమితం. ఉదాహరణలకు కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాన్ని తీసుకున్నాం. అక్కడ చాలా ఇళ్ళలో మాట తెలుగు, కచేరీలో కాగితం కన్నడం, కంప్యూటర్ తెర ఇంగ్లీషు. మూడు లిపులు ఒకే పట్టికలో కలిసే చోట ఆ మూడో రకం వైఫల్యానికి అవకాశం ఎక్కువ.

ప్రాంతం, దాని రికార్డులు

చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో కోలారు నుంచి విడివడింది. 44వ జాతీయ రహదారి బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురం మీదుగా వచ్చి బాగేపల్లి దాటగానే ఆంధ్రప్రదేశ్‌లోకి వస్తుంది. చింతామణి తాలూకాలోని కైవారం తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పిన యోగి నారేయణ తాతయ్య ఊరు. ఈ పల్లెల్లో ఒకే మనిషి పేరు రేషన్ కార్డులో ఒక లిపిలో, పహణి అనే భూమి పత్రంలో ఒక లిపిలో, ఆస్పత్రి చీటీ మీద మరో లిపిలో ఉండటం మామూలే.

రికార్డులు కంప్యూటర్లోకి రావడంలో కర్ణాటక ముందున్న రాష్ట్రం. 2000 దశకం మొదట్లో ‘భూమి’ పథకం కింద సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల భూమి రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించి, తాలూకా కచేరీల్లో పహణి ప్రతులు ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి రైతు చెవిన పడే మాట ‘సర్వర్ డౌన్’. కరెంటు పోవడం, నెట్‌వర్క్ తెగడం, ప్రోగ్రాములో లోపం, అప్‌గ్రేడ్ చెడిపోవడం అన్నీ ఆ ఒక్క మాట కిందికే వస్తాయి. పహణి కోసం బస్సెక్కి వచ్చిన మనిషికి తేడా అక్కర్లేదు గానీ, సర్వర్ చూసుకునేవారికి ఆ తేడా తెలియడంతోనే పని మొదలవుతుంది.

ప్రభుత్వ పెద్ద సర్వర్లు బెంగళూరు డేటా సెంటర్‌లో ఉంటాయి, వాటిని చూసుకోవడానికి బృందాలు ఉంటాయి. ఈ వ్యాసం వాటి కోసం కాదు. తాలూకా స్థాయిలో ఒక బల్ల కింద పెట్టిన యంత్రం, దాన్ని చూసుకునే ఒక్క మనిషి, ఆ మనిషికి వేరే ఉద్యోగం: ఇదీ చిన్న సంస్థల పరిస్థితి. న్యూజిలాండ్‌లో 1999లో పుట్టిన కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ మనదేశంలో చాలా కళాశాలల్లో డెబియన్ లేదా ఉబుంటు మీద, మరియాడీబీ లేదా మైఎస్‌క్యూఎల్‌తో నడుస్తుంది. బామ్ని అనే ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌నూ పోస్ట్‌గ్రెస్‌నూ రెండింటినీ వాడుతుంది. చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగ్ కళాశాల, చింతామణిలో పట్టుపరిశ్రమ కళాశాల, బాగేపల్లిలో నేషనల్ కళాశాల ఉన్న జిల్లాలో లైబ్రేరియన్, ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్, లెక్కల గుమస్తా ఎవరైనా ఏదో ఒకరోజు ఈ పని నెత్తిన వేసుకోవలసి రావచ్చు.

అప్‌గ్రేడ్‌లో నిజంగా మారేవి

డేటాబేస్ సర్వర్‌లో నాలుగు భాగాలున్నాయి: ప్రోగ్రాము ఫైళ్ళు, డేటా డైరెక్టరీ, సెట్టింగుల ఫైలు, వీటన్నిటి కింద ఉన్న లైనక్స్ లైబ్రరీలు. ఏప్ట్ వంటి ప్యాకేజీ సాధనానికి బాగా తెలిసింది మొదటిది ఒక్కటే. అది కొత్త ప్రోగ్రామును పెట్టి, చివర్లో సర్వర్‌ను లేపి చూస్తుంది. సర్వర్ లేవకపోతే ఆ ప్యాకేజీని సగం అమర్చినదిగా గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎడిటర్ ఇన్‌స్టాల్ చేయబోయినా, ప్రింటర్ డ్రైవర్ వేయబోయినా అదే ఎర్రర్ మళ్ళీ మళ్ళీ వస్తుంది. దాంతో ప్యాకేజీ వ్యవస్థే పాడైందనుకుని దాన్ని సరిచేయడానికి పూనుకుంటారు. నిజానికి చెడింది ప్యాకేజీ కాదు. సర్వర్ ఎందుకు లేవడం లేదో కనిపెట్టి సరిచేస్తే, ఆగిన అమరికను పూర్తి చేయమని డీపీకేజీ అనే ప్యాకేజీ సాధనానికి చెప్పే ఒక్క ఆదేశంతో ఎర్రర్లన్నీ పోతాయి.

చాలా అప్‌గ్రేడ్‌లు అడిగి చేసుకున్నవి కూడా కావు. ఉబుంటు 18.04తో మైఎస్‌క్యూఎల్ 5.7 వచ్చేది, 20.04తో 8.0 వచ్చింది. డెబియన్ 9తో మైఎస్‌క్యూఎల్ స్థానంలో మరియాడీబీ 10.1 వచ్చింది, ఆ తర్వాత విడుదలల్లో వరుసగా 10.3, 10.5, 10.11 వచ్చాయి. ఆపరేటింగ్ సిస్టం మార్చుకుందామని బయలుదేరినవారు తమకు తెలియకుండానే డేటాబేస్‌ను కూడా మార్చేస్తున్నారన్నమాట.

మొదట చేయవలసినవి

సర్వర్ లేవలేదంటే డేటా పోయిందని కాదు. చాలావరకు డేటా డైరెక్టరీ చెక్కుచెదరకుండానే ఉంటుంది. దాన్ని పోగొట్టేది తర్వాతి గంటలో జరిగే తొందరపాటు: ప్యాకేజీని పర్జ్ చేసి మళ్ళీ వేయడం, లాగ్ ఫైళ్ళు తుడిచేయడం, ఎక్కడో చూసిన ఆదేశాన్ని అలాగే కొట్టడం. అందువల్ల ముందు డేటాబేస్‌ను వాడే ప్రోగ్రాములను ఆపాలి, సర్వర్‌ను లేపే ప్రయత్నాలనూ ఆపాలి. తర్వాత డేటా డైరెక్టరీని ఉన్నది ఉన్నట్టు, యాజమాన్యం, అనుమతులు మారకుండా మరో డిస్కు మీదికి కాపీ చేయాలి. చెడిపోయిందనుకున్న డేటాకైనా సరే ఈ కాపీ ఉండాలి. ఇది జరిగేదాకా మరమ్మతు మొదలుపెట్టకూడదు.

ఆ తర్వాత లాగ్ చదవాలి. సర్వర్లను లేపి ఆపే సిస్టమ్‌డీ స్టేటస్ ఆదేశం చివరి కొన్ని లైన్లే చూపిస్తుంది, వాటిలో సాధారణంగా ‘విఫలమైంది’ అన్న మాట తప్ప ఏమీ ఉండదు. పూర్తి కథ జర్నల్‌లోనూ, /వార్/లాగ్ డైరెక్టరీ కింద ఆయా డేటాబేస్ ఎర్రర్ లాగ్‌లోనూ ఉంటుంది. లాగ్ అడుగున ‘ఆపేస్తున్నాను’ అనే లైను దగ్గరే చాలామంది ఆగిపోతారు. అది ఫలితం. కారణం దానికి ఐదారు లైన్ల పైన, మొట్టమొదటి ఎర్రర్ దగ్గర ఉంటుంది. కెర్నెల్ లాగ్ కూడా చూడాలి. మెమరీ చాలక కెర్నెల్ సర్వర్‌ను చంపేసినా, యాప్‌ఆర్మర్ అనే భద్రతా వ్యవస్థ అడ్డుపడినా ఆ సంగతి అక్కడే తెలుస్తుంది. డేటాను పెద్ద డిస్కుకు మార్చుకున్న యంత్రాల్లో ఈ రెండోది తరచు ఎదురవుతుంది: ఫైలు అనుమతులన్నీ సరిగ్గానే ఉంటాయి, అయినా అనుమతి లేదంటుంది. కొత్త చోటును ఉబుంటులో యాప్‌ఆర్మర్‌కు, రెడ్ హ్యాట్ కుటుంబంలో ఎస్ఈలైనక్స్‌కు చెప్పాలి.

డిస్కు నిండటం, అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోవడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మొదటిదానికి ఖాళీ స్థలంతో పాటు ఐనోడ్‌లు కూడా చూడాలి. రెండోదానికి మందు ముందే ఉంది: పనిచేసే యూపీఎస్ లేకుండా అప్‌గ్రేడ్ మొదలుపెట్టకూడదు.

మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ

స్వీడన్‌లో 1995లో మొదలైన మైఎస్‌క్యూఎల్ 2008లో సన్ చేతికి, 2010లో ఒరాకిల్ చేతికి వెళ్ళింది. దాని నిర్మాతల్లో ఒకరైన మాంటీ విడేనియస్ 2009లో మరియాడీబీగా శాఖ చీల్చారు. మొదట్లో రెండూ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టుకోగలిగేవే. ఇప్పుడు అలా కాదు, మైఎస్‌క్యూఎల్ 8.0 డేటా డైరెక్టరీని మరియాడీబీ చదవలేదు. పొరపాటున ఒకదాని మీద ఇంకోదాన్ని ఇన్‌స్టాల్ చేసినవారు సర్వర్ లేవలేదని వాపోతారు గానీ, అది లేవకపోవడమే అక్కడ జరగాల్సిన మంచి.

2018 ఏప్రిల్‌లో వచ్చిన 8.0కు మారినప్పుడు కనబడే వైఫల్యాల్లో తేలికైనది సెట్టింగుల ఫైలు గొడవ. ఆ వెర్షన్‌లో క్వెరీ క్యాష్‌ను తీసేశారు. పాత ఫైలులో దాని పరిమాణం చెప్పే లైను మిగిలి ఉంటే, ఈ పదం నాకు తెలియదని చెప్పి సర్వర్ ఆగిపోతుంది. అలాగే తీసేసిన కొన్ని ఎస్‌క్యూఎల్ మోడ్‌లు కూడా. ఆ లైన్లను వ్యాఖ్యగా మార్చి మళ్ళీ లేపితే చాలు. ఇక్కడ డేటాకు ఏ ప్రమాదమూ లేదు. అయినా ఈ స్థితిలోనే డేటాబేస్ మొత్తాన్ని తుడిచి మళ్ళీ వేసుకునేవారున్నారు, లాగ్‌లో ఆ ఒక్క లైను చదవకపోవడం వల్ల.

రీడూ లాగ్ సమస్య దీనికంటే లోతైనది. పాత సర్వర్ సక్రమంగా ఆగకుండా, అంటే కరెంటు పోయో బలవంతంగా చంపడం వల్లో ఆగి ఉంటే, పూర్తికాని మార్పులు రీడూ లాగ్‌లో ఉండిపోతాయి. కొత్త సర్వర్ ఆ లాగ్‌ను చూసి, క్రాష్ తర్వాత నేరుగా అప్‌గ్రేడ్ చేయడం కుదరదని చెప్పి ఆగిపోతుంది. దీనికి తరచు దొరికే సలహా ఆ లాగ్ ఫైళ్ళను తుడిచేయమని. ఆ సలహా తప్పు. ఆ ఫైళ్ళలో ఉన్నది మీ ఆఖరి గంటల పని. పాత వెర్షన్‌ను మళ్ళీ పెట్టి, లేపి, కోలుకోనిచ్చి, డేటాను భద్రపరిచే ఇంజన్ అయిన ఇన్నోడీబీని నిదానంగా ఆపే సెట్టింగుతో సక్రమంగా ఆపి, అప్పుడు కొత్త వెర్షన్‌కు రావాలి. దారి పొడవే, కానీ రికార్డు ఒక్కటీ పోదు.

5.6 నుంచి నేరుగా 8.0కు దూకడం కూడా కుదరదు, మధ్యలో 5.7 మీద ఆగాలి. 8.0.16 నుంచి సిస్టం పట్టికలను సర్వరే లేచేటప్పుడు మార్చుకుంటుంది. పెద్ద డేటా మీద దానికి సమయం పడుతుంది. సిస్టమ్‌డీ మామూలు గడువు 90 సెకన్లు. గడువు పెంచకుండా వదిలేసిన యంత్రంలో మార్పు సగంలో ఉండగానే సిస్టమ్‌డీ సర్వర్‌ను చంపుతుంది, మళ్ళీ లేపుతుంది, మళ్ళీ చంపుతుంది. బయటినుంచి చూసేవారికి సర్వర్ మాటిమాటికీ పడిపోతున్నట్టు ఉంటుంది. మరియాడీబీలో ఈ మార్పు సాధనాన్ని విడిగా నడపాల్సి రావచ్చు. ఫలానా సిస్టం పట్టికలో కాలమ్‌ల సంఖ్య తప్పు అనే ఎర్రర్ వస్తే ఆ సాధనం నడవలేదని అర్థం.

సర్వర్ లేచి, ప్రోగ్రాము మాత్రం లోపలికి రాలేకపోతే లాగిన్ పద్ధతి చూడాలి. 8.0లో కొత్త వాడుకరులకు పాస్‌వర్డ్ పద్ధతి మారింది. 8.4లో పాత పద్ధతిని అడిగితే తప్ప పనిచేయకుండా ఆపి ఉంచారు, 9.0లో పూర్తిగా తీసేశారు. పాత పీహెచ్‌పీ ప్రోగ్రాముల యజమానులకు ఇది తప్పని తలనొప్పి. 8.0లో ర్యాంక్, గ్రూప్స్, సిస్టం వంటి మాటలు రిజర్వు అయ్యాయి. పరీక్షా ఫలితాల పట్టికలో ర్యాంక్ అనే కాలమ్ పెట్టుకోని కళాశాల ఉండదు. ఇలాంటివి ముందే పట్టుకోవడానికి మైఎస్‌క్యూఎల్ షెల్‌లో అప్‌గ్రేడ్ తనిఖీ సాధనం ఉంది. పాత సర్వర్ బాగా నడుస్తున్నప్పుడే దాన్ని నడిపితే పైన చెప్పినవాటిలో ఎక్కువ భాగం కాగితం మీదికి వచ్చేస్తాయి.

నెల తర్వాత బయటపడే ఒక సంగతి కూడా ఉంది. 8.0లో సర్వర్ ప్రతి మార్పునూ నమోదుచేసే బైనరీ లాగ్‌ను అడగకుండానే రాస్తుంటుంది, 30 రోజులు ఉంచుతుంది. పాత యంత్రంలో అది లేకుండా సరిపోయిన డిస్కు కొత్త వెర్షన్‌లో మెల్లగా నిండి, ఒక ఉదయం సర్వర్ ఆగుతుంది. అప్పటికి అప్‌గ్రేడ్ చేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్

పోస్ట్‌గ్రెస్‌లో ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్ళ మద్దతు. ఒక పెద్ద వెర్షన్ డేటా డైరెక్టరీని మరొకటి తెరవదు. డేటాను ఫలానా వెర్షన్ తయారుచేసింది, నాకు పనికిరాదు అని లాగ్‌లో స్పష్టంగా చెప్పి ఆగుతుంది. డాకర్‌లో ‘తాజా వెర్షన్’ అని మాత్రమే రాసి వదిలేసినవారికి ఏడాదికోసారి ఈ ఎర్రర్ తప్పదు. వెర్షన్ నంబరును అంకెల్లో రాసుకోవడమే పరిష్కారం.

డెబియన్, ఉబుంటుల్లో కొత్త వెర్షన్ పాతదాని పక్కన కూర్చుంటుంది. పాతది 5432 పోర్టులో, కొత్తది 5433లో, కొత్తది ఖాళీగా. కొత్తదాన్ని తెరిచి చూసి డేటా అంతా పోయిందని భయపడేవారు చాలామంది. ఏ క్లస్టర్ (ఒక సర్వర్ నడిపే డేటాబేస్‌ల గుంపు) ఏ పోర్టులో ఉందో చూపించే ఆదేశం ఒక్కటి కొడితే ఆ భయం పోతుంది. ఆ పంపిణీల్లోనే ఉన్న క్లస్టర్ అప్‌గ్రేడ్ సాధనం పాతదాన్ని చెరపకుండా ఉంచి కొత్తదాన్ని నింపుతుంది.

పీజీ అప్‌గ్రేడ్ సాధనం తనిఖీ పద్ధతిలో నడిస్తే డేటాను ముట్టుకోకుండా అడ్డంకులను చెబుతుంది. పాత ఎక్స్‌టెన్షన్‌ల లైబ్రరీలు కొత్త వెర్షన్‌కు లేకపోవడం, 12లో తీసేసిన పాత తేదీ-సమయ డేటా రకాలు, ఓఐడీలతో కట్టిన పట్టికలు, ఇలాంటివి. 18లో చెక్‌సమ్‌లు అడగకుండానే ఉంటాయి కాబట్టి, అవి లేని పాత క్లస్టర్‌ను తెచ్చేటప్పుడు రెండు వైపులా ఒకేలా ఉండేట్టు చూసుకోవాలి. లింక్ పద్ధతి క్షణాల్లో అయిపోతుంది. కానీ పాత, కొత్త క్లస్టర్లు అవే ఫైళ్ళను పంచుకుంటాయి. కొత్తది ఒక్కసారి లేచిందా, పాతదానికి తిరిగి వెళ్ళే దారి మూసుకుపోతుంది. కొద్ది జీబీల డేటా ఉన్న చిన్న కచేరీకి ఈ తొందర అక్కర్లేదు. వాళ్ళు డేటాను డంప్ తీసి కొత్త సర్వర్‌లో ఎక్కించుకోవడమే మేలు. కారణం తర్వాతి భాగంలో ఉంది.

అప్‌గ్రేడ్ అయ్యాక ‘అంతా ఉంది, కానీ నత్తనడక’ అనే ఫిర్యాదు వస్తే గణాంకాలు కారణం కావచ్చు. 18కి ముందు పీజీ అప్‌గ్రేడ్ వాటిని తీసుకురాదు, అనలైజ్ ఆదేశం నడపాలి. 15 నుంచి కొత్తగా కట్టిన డేటాబేస్‌ల పబ్లిక్ స్కీమాలో పట్టికలు కట్టే హక్కు అందరికీ ఉండదు. 14 నుంచి పాస్‌వర్డ్‌లు మామూలుగా స్క్రామ్ పద్ధతిలో భద్రమవుతాయి. పాత డ్రైవర్లు ఉన్న ప్రోగ్రాములు అక్కడ తడబడతాయి.

అక్షరాలు చెదిరినప్పుడు

తెలుగు, కన్నడం యూనికోడ్‌లో పక్కపక్క ఇళ్ళు. రెండు లిపుల్లోనూ ప్రతి అక్షర చిహ్నానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు పడతాయి. ‘బాగేపల్లి’ అనే పేరులో 9 చిహ్నాలు, 27 బైట్లు. మైఎస్‌క్యూఎల్ 8.0కు ముందు మామూలు అక్షర పద్ధతి లాటిన్-1, అందులో ఒక బైటు అంటే ఒక అక్షరం. పాత ప్రోగ్రాములు లాటిన్-1 కాలమ్‌లోకి లాటిన్-1 కనెక్షన్‌తోనే తెలుగు బైట్లను తోసేవి, అలాగే బయటికి తీసేవి. మధ్యలో మార్పిడి ఏమీ జరగదు కాబట్టి తెర మీద తెలుగు చక్కగా కనిపించేది. అప్‌గ్రేడ్ తర్వాత కనెక్షన్ యూటీఎఫ్-8కు మారుతుంది. సర్వర్ తన ధర్మంగా ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా మార్చి పంపుతుంది. ‘బ’ ఉండాల్సిన చోట మూడు వింత గుర్తులు వస్తాయి: పైన గీత ఉన్న ఒక ఐరోపా అక్షరం, డిగ్రీ సున్నా, మరో గుర్తు. ఈ గుర్తులను చూసే అసలు లిపిని చెప్పవచ్చు. రెండో గుర్తు ° లేదా ± అయితే అది తెలుగు. పైకెక్కిన ² లేదా ³ అయితే కన్నడం.

ఈ స్థితిలో డేటా క్షేమంగానే ఉంది. చేయకూడని పని, కాలమ్‌ను నేరుగా యూటీఎఫ్-8కు కన్వర్ట్ చేయడం. అలా చేస్తే తెర మీది చెత్తే నిజమైన డేటాగా స్థిరపడుతుంది. ఆ రోజు నుంచి కొత్తగా ఎక్కించే పేర్లు సరిగ్గా పడతాయి కాబట్టి ఒకే కాలమ్‌లో రెండు రకాల రికార్డులు కలిసిపోతాయి, ఆ తర్వాత ఏది ఏదో వేరుచేయడం ఒక్కో వరుసకూ విడి పరీక్ష అవుతుంది. సరైన పద్ధతి: డేటా ఎక్కించడం ఆపించి, కాలమ్‌ను ముందు బైనరీ రకానికి మార్చి, ఆ తర్వాత యూటీఎఫ్-8 రకానికి మార్చాలి. బైనరీ మెట్టు వల్ల బైట్లు మారవు, వాటి అర్థం మాత్రమే సరిపడుతుంది.

వింత గుర్తుల బదులు వరుసగా ప్రశ్నార్థకాలు కనబడితే మాత్రం కంగారు పడాల్సిందే, అయితే ముందు నిర్ధారించుకోవాలి. కాలమ్ విలువను హెక్సాలో చూపించమని అడగాలి. ఈ0 అనే బైట్లు కనబడితే అసలు అక్షరాలు ఉన్నాయి, చూపించే కనెక్షనే తప్పు. అన్నీ 3ఎఫ్ అయితే లోపల ఉన్నవి నిజంగానే ప్రశ్నార్థకాలు. వాటిని తిరిగి అక్షరాలు చేసే ఆదేశం ఏదీ లేదు, బ్యాకప్ ఒక్కటే గతి. నుడి, అను వంటి పాత ఫాంట్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసిన డేటా కథ వేరు. అది మొదటినుంచీ ఫాంట్ సంకేతాలే, దాన్ని యూనికోడ్‌కు మార్చే పని అప్‌గ్రేడ్‌తో కలిపి పెట్టుకోకూడదు.

ఇంతకంటే నిశ్శబ్దంగా జరిగే చెడుపు పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. పదాలను ఏ వరుసలో పెట్టాలో పోస్ట్‌గ్రెస్ చాలాకాలంగా లైనక్స్‌లోని గ్లిబ్‌సీ లైబ్రరీని అడుగుతుంది. 2018 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సీ 2.28 ఆ వరుస నియమాలను పెద్ద ఎత్తున మార్చింది. డెబియన్ 9 నుంచి 10కి, రెడ్ హ్యాట్ 7 నుంచి 8కి, ఉబుంటు 18.04 నుంచి 20.04కు మారినవారందరూ ఆ గీత దాటినవారే. అమెరికన్ ఇంగ్లీషు లొకేల్‌లో ‘1-1’, ‘11’ అనే రెండు మాటలను వరుస పెట్టమంటే, పాత లైబ్రరీ 11ను ముందు పెట్టేది. కొత్తది 1-1ను ముందు పెడుతుంది.

సర్వే నంబరును, దాని ఉపభాగమైన హిస్సాను గీతతో కలిపి ఒకే కాలమ్‌లో రాసుకున్న పట్టికను ఊహించండి. 1వ సర్వే నంబరులో 1వ హిస్సా ‘1-1’, పదకొండో సర్వే నంబరు ‘11’. ఇండెక్స్‌ను పాత వరుసలో కట్టారు. కొత్త సర్వర్ కొత్త వరుస ప్రకారం వెతుకుతుంది. అకారాది క్రమం మార్చిన నిఘంటువులో పాత పేజీ గుర్తులతో వెతికినట్టే. పట్టికలో రికార్డు ఉంటుంది, వెతికితే లేదని వస్తుంది. అంతకంటే చెడ్డది, ఒకే నంబరు రెండుసార్లు రాకూడదన్న నిబంధన కూడా ఆ ఇండెక్స్ మీదే ఆధారపడుతుంది కనుక, లేదనుకుని రెండో రికార్డును లోపలికి రానిస్తుంది. ఒక్క ఎర్రర్ కూడా లాగ్‌లో పడదు. సర్వర్ లేచింది, ప్రోగ్రాము నడుస్తోంది, అందరూ అప్‌గ్రేడ్ విజయవంతమైందనే అనుకుంటారు.

చికిత్స సులభం: ఆపరేటింగ్ సిస్టం మార్చిన వెంటనే అక్షర కాలమ్‌ల ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయాలి. అనుమానం ఉంటే ఏఎమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్‌తో పరీక్షించాలి. డంప్ తీసి మళ్ళీ ఎక్కిస్తే ఇండెక్సులు కొత్తగా కడతాయి కాబట్టి ఈ సమస్యే రాదు. చిన్న డేటాబేస్‌లకు ఆ దారి మేలని పైన చెప్పింది ఇందుకే. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేస్ స్థాయిలో వరుస నియమాల వెర్షన్ తేడా ఉందని హెచ్చరిక వస్తుంది. దాన్ని పోగొట్టడానికి వెర్షన్‌ను రిఫ్రెష్ చేసే ఆదేశం ఉంది. రీఇండెక్స్ చేయకుండా ఆ ఆదేశం కొట్టడం అంటే హెచ్చరికను నోరు మూయించి లోపాన్ని లోపలే ఉంచడం.

మైఎస్‌క్యూఎల్ తన వరుస నియమాలను తనే పెట్టుకుంటుంది కనుక గ్లిబ్‌సీ దెబ్బ దానికి తగలదు. అయితే 8.0లో మామూలు నియమం మారింది. పాత పట్టికకూ కొత్త పట్టికకూ నియమాలు వేరై, రెండింటినీ కలిపే ప్రశ్న దగ్గర 1267 నంబరు ఎర్రర్ వస్తుంది. ఆ కొత్త నియమం పేరు చాలా మరియాడీబీ వెర్షన్లకు తెలియదు, కాబట్టి మైఎస్‌క్యూఎల్ డంప్‌ను అందులో ఎక్కించబోతే మొదటి పట్టిక దగ్గరే ఆగుతుంది.

బ్యాకప్ ఉందనుకోవడం

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగింది ఈ విషయంలో ప్రతి ఒక్కరూ చదవదగిన ఉదంతం. ఒక ఇంజనీరు వెనుకబడిన రెండో సర్వర్‌లోని పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీని తుడవబోయి, అసలు సర్వర్‌లో తుడిచారు. సుమారు 300 జీబీ డేటా పోయింది. సరే, రోజూ తీసే డంప్ ఉంది కదా అని చూస్తే భద్రపరిచిన చోట ఏమీ లేదు. సర్వర్ 9.6 వెర్షన్‌లో ఉంది. డంప్ తీసే సాధనం మాత్రం 9.2ది నడుస్తోంది. తనకంటే కొత్త సర్వర్ నుంచి డంప్ తీయడానికి పోస్ట్‌గ్రెస్ సాధనం ఒప్పుకోదు, ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఆ ఎర్రర్‌ను తెలిపే మెయిళ్ళు వెళ్ళేవి గానీ, మెయిల్ భద్రతా నియమాల వల్ల తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. పరీక్షా సర్వర్ కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన డిస్కు స్నాప్‌షాట్ ఒకటి ఉండటంతో బయటపడ్డారు. ఆ ఆరు గంటల్లో వచ్చిన మార్పులు పోయాయి. గిట్‌ల్యాబ్ ఇదంతా దాచకుండా ప్రజల ముందు పెట్టింది. ఆ పని మెచ్చుకోదగింది, ఎందుకంటే ఇలాంటి పాఠాలు మిగతా సంస్థల్లో గది దాటి బయటికి రావు.

ఈ ఉదంతం అప్‌గ్రేడ్ చేసేవారందరికీ నేరుగా తగులుతుంది. సర్వర్ వెర్షన్ మారగానే బ్యాకప్ స్క్రిప్టు వాడే సాధనం వెర్షన్ కూడా మారిందా అన్నది చూడాలి. బ్యాకప్ ఫైలు ఉందా అని కాక, దాని నుంచి మరో యంత్రంలో డేటాబేస్ లేపగలిగామా అని చూడాలి. లేపిన తర్వాత నాలుగైదు తెలుగు, కన్నడ పేర్లు వెతికి చూడాలి. ఆఖరి పట్టికలో వరుసలు పాత సర్వర్‌తో సరిపోయాయా లెక్కపెట్టాలి.

వెనక్కి వెళ్ళే దారి

మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి 5.7కు అదే డేటా డైరెక్టరీతో తిరిగి వెళ్ళడం అసాధ్యం, లోపలి నిర్మాణమే మారిపోయింది. 8.0లోపల చిన్న వెర్షన్లలో వెనక్కి వెళ్ళడానికి కూడా అనుమతి లేదు. మరియాడీబీ పెద్ద వెర్షన్ల మధ్య కూడా అంతే. పోస్ట్‌గ్రెస్‌లో కాపీ పద్ధతిలో చేస్తే పాత క్లస్టర్ అలాగే ఉంటుంది. కాబట్టి వెనక్కి వెళ్ళే దారిని అప్‌గ్రేడ్‌కు ముందే కట్టుకోవాలి: ఆపిన సర్వర్ డేటా కాపీ, పాత ప్యాకేజీ ఫైళ్ళు, సెట్టింగుల ఫోల్డర్, కుదిరితే డిస్కు స్నాప్‌షాట్.

ఇన్నోడీబీలో బలవంతపు రికవరీ అనే సెట్టింగు 1 నుంచి 6 దాకా ఉంది. 1, 2, 3 మెట్లు డేటాను డంప్ తీసుకోవడానికి కాస్త నమ్మదగినవి. 4 నుంచి పైకి వెళ్తే డేటా శాశ్వతంగా చెడవచ్చని మైఎస్‌క్యూఎల్ పత్రాలే హెచ్చరిస్తాయి. దీన్ని కాపీ మీద తప్ప అసలు మీద ప్రయోగించకూడదు. ఆ సెట్టింగుతో లేచిన సర్వర్‌ను అలాగే రోజువారీ పనికి వదిలేయకూడదు.

గడువులు

మైఎస్‌క్యూఎల్ 5.7 మద్దతు 2023 అక్టోబరులో ముగిసింది. 8.0 గడువు 2026 ఏప్రిల్. ఉబుంటు 20.04కు మామూలు మద్దతు 2025లోనే ముగిసింది. పోస్ట్‌గ్రెస్ 13కు 2025 నవంబరుతో ముగింపు, 14కు 2026 నవంబరు. తాలూకా కళాశాలలో, పాల సంఘంలో, చిన్న ఆస్పత్రిలో ఈ వెర్షన్ల మీద సర్వర్ నడుపుతున్నవారు ఈ వారమే ఒక పాత కంప్యూటర్ వెతుక్కుని, నిన్నటి బ్యాకప్‌ను అందులో ఎక్కించి, అప్‌గ్రేడ్‌ను మొదట దాని మీద చేసి చూడండి.